ప్రచార వినోదం పక్కన పెట్టి అభ్యర్థిని అంచనా వేసేదెలా?

అభ్యర్థి మైకు అందుకోగానే ఒక పాట, ప్రత్యర్థి నడకకు అనుకరణ, రెండు ప్రాసలు, ఈలలు. సభ ముగిశాక ఆయన పన్నుల గురించి ఏమన్నాడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఈ జాడ్యం కొత్తదేమీ కాదు. 1960 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో కెన్నెడీతో టీవీ చర్చకు దిగిన నిక్సన్ వాదన కన్నా ఆయన ముఖాన పట్టిన చెమటే చరిత్రకెక్కింది. 1992లో అదే పదవికి పోటీ చేస్తూ క్లింటన్ టీవీ షోలో శాక్సఫోన్ వాయించాడు. తెరపై అధ్యక్షుడి వేషం వేసిన జెలెన్‌స్కీ 2019లో ఉక్రెయిన్‌కు నిజంగానే అధ్యక్షుడయ్యాడు.

నటులు పోటీ చేస్తే నాకు అభ్యంతరం లేదు. వేదిక దిగాక కూడా నటన ఆగకపోవడమే ఒళ్లు మండిస్తోంది. వారసత్వ రాజకీయాలను దుమ్మెత్తిపోసిన నోటితోనే కొడుకుకు టిక్కెట్టు అడుగుతారు. నిన్నటిదాకా తిట్టిన పార్టీ కండువా కప్పుకుని, అదీ ప్రజల కోసమే అంటారు!

మాటకూ చేతకూ ఉన్న దూరాన్ని మీరెలా కొలుస్తున్నారు? చట్టసభలో వేసిన ఓట్లు, ఆస్తుల ప్రకటనలు, పాత ప్రసంగాలు... ముందుగా ఏది చూడాలి? తొలిసారి పోటీ చేసేవారికి ఓటింగు చరిత్రే ఉండదు కదా, వారిని దేనితో తూచాలి? ముందూ వెనకా కత్తిరించిన వీడియో చేతికొస్తే పూర్తి ప్రసంగం ఎక్కడ వెతుకుతారు?

స్వయంగా పాటిస్తున్న పద్ధతి ఉంటే కాస్త వివరంగా చెప్పండి. అందరూ దొంగలే అన్న జవాబు మాత్రం వద్దు, అది ఇంట్లో రోజూ వింటున్నాను.