నాన్న దుబాయ్ వెళ్తున్నాడని నాలుగేళ్ళ పాపకి ఎలా చెప్పాలి?

కేపీహెచ్‌బీ_అమ్మ: మా ఆయనకి దుబాయ్‌లో జాబ్ వచ్చింది, వచ్చే నెల ప్రయాణం. పాప ఎల్‌కేజీ, రోజూ నాన్న పక్కన తప్ప పడుకోదు. మా అత్తయ్యగారేమో "దానికేం చెప్పొద్దు, నిద్రపోయాక వాడు బయల్దేరతాడు, పొద్దున లేచాక ఆఫీసుకెళ్ళాడని చెబుదాం" అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. ఇంకో రెండు డౌట్లు. శంషాబాద్ దాకా తీసుకెళ్ళాలా? స్కూల్లో టీచర్‌కి ముందే చెప్పాలా?

జగిత్యాల_పోరడు: మీ అత్త మాట అస్సలు వినకు అక్కా. మా నాయిన మస్కట్ పోయినప్పుడు గిట్లనే జేసిన్రు. పొద్దుగాల లేసి సూస్తే దండెం మీద అంగిలు లేవు. ఇగ మా అమ్మ కిరాణ దుకాణం పోయినా ఎంబడి పడేటోన్ని, ఈమె గూడ పోతదేమో అని. నిద్ర పోవాల్నంటే ఆమె కొంగు చేతికి సుట్టుకునేటోన్ని. ఇప్పుడు మల్కాజ్‌గిరిల ఉంటున్న, పెండ్లయింది, అయినా గది యాదికొస్తే మా నాయినమ్మ మీద కోపమొస్తది.

టెక్సాస్_టైమ్: మీకేంటండీ, దుబాయ్‌కి మనకి గంటన్నరే తేడా. ఆయన డ్యూటీ ఆరింటికి అయితే ఇక్కడ ఏడున్నర, పాప అన్నం తినే టైమ్. మా వారు డాలస్‌లో. బాబు స్కూల్ వ్యాన్ కోసం నిలబడే ఏడున్నరకి ఆయనకి ముందురోజు రాత్రి తొమ్మిది. నవంబర్‌లో అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పాక అదే ఎనిమిదవుతుంది. ఒక చెవిలో షూ లేసు గోల, ఇంకో చెవిలో ఈయన "నాన్నా, టిఫిన్ తిన్నావా" అని.

మియాపూర్_మామ: వీడియో కాల్ సంగతి ముందు చూసుకోండి. యూఏఈలో వాట్సాప్ కాల్ రాదు. బ్లాక్‌ని దాటించే వీపీఎన్ యాప్ వేసుకోమనండి, ఖతం.

షార్జా_శీను: ఇలాంటి సలహాలు ఇవ్వకండి సార్. అక్కడి సైబర్ చట్టం ప్రకారం వీపీఎన్‌తో నేరం చేస్తే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలవుతుంది. కాల్స్‌కి బోటిమ్ యాప్ ఉందిగా, అందరం అదే వాడతాం.

మియాపూర్_మామ: మీరే అన్నారు, నేరం చేస్తే అని. వీపీఎన్ ఉండటం నేరం కాదు, అక్కడి కంపెనీలన్నీ వాడతాయి. మా బావమరిది ఏళ్ళుగా వాడుతున్నాడు, ఎవడూ పట్టుకోలేదు.

షార్జా_శీను: బ్లాక్ చేసిన కాల్‌ని దొడ్డిదారిన చేయడం మరేంటి? పట్టుకుంటే మీ బావమరిది జరిమానా మీరు కడతారా? కొత్తగా వెళ్ళే మనిషికి చెప్పే మాటేనా ఇది?

జగిత్యాల_పోరడు: సౌదీల 2017లనే నెట్ కాల్స్ మీద నిషేధం ఎత్తేసిన్రు గదా.

షార్జా_శీను: ఆవిడ అడిగింది దుబాయ్ తమ్ముడూ. గల్ఫ్ అంతా ఒకటే దేశం అనుకుంటారు మనోళ్ళు.

డాక్టరమ్మ_కాదు: అనవసరం గొడవ. నేను చైల్డ్ సైకాలజీలో పీజీ చేశాను, చాలామంది పిల్లల్ని చూశాను. నాలుగేళ్ళ పిల్లకి "ఆరు నెలలు" అంటే ఏమీ అర్థం కాదు. "బతుకమ్మ అయ్యాక, సంక్రాంతి ముగ్గులప్పుడు నాన్న వస్తాడు" అంటే ఏదో ఒక ఆనవాలు దొరుకుతుంది. వెళ్ళిన కొత్తలో పక్క తడపడం, మళ్ళీ చంటిపిల్లలా మాట్లాడటం మామూలే, తిట్టకండి. వారాలు గడిచినా తగ్గకపోతే పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఫోన్ చూస్తే పాడవుతారని భయం వద్దు. రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీనే వద్దనే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా, అప్పుడప్పుడూ అయినవాళ్ళతో వీడియో కాల్‌కి మినహాయింపు ఇచ్చింది.

మియాపూర్_మామ: పీజీ చేసినవాళ్ళు పేరులో "కాదు" ఎందుకు పెట్టుకున్నారో.

డాక్టరమ్మ_కాదు: ఎండీ కాదు కాబట్టి. నిజాయితీ అంటారు దాన్ని, మీకు కొత్తేమో.

బెంగళూరు_బస్సు: ఒకటి అడగనా? ఇంతమందిలో ఒక్కరైనా "వెళ్ళేది అమ్మ అయితే" అన్నారా? నా ఉద్యోగం బెంగళూరులో, బాబు మా అమ్మ దగ్గర దిల్‌సుఖ్‌నగర్‌లో. శుక్రవారం రాత్రి బస్సెక్కి వస్తా, ఆదివారం రాత్రి పోతా. నాన్న వెళ్తే "పాపం, పిల్లల కోసం కష్టపడుతున్నాడు". నేను వెళ్తే "పిల్లాణ్ణి వదిలేసి ఎలా ఉండగలుగుతున్నావమ్మా". పోయిన దసరాకి మా పిన్ని వాడి ముందే అన్నది ఈ మాట. ఆ రాత్రి నన్ను అడిగాడు, "అమ్మా, నన్ను వదిలేశావా?" అని. పిల్లలకి దూరం కంటే చుట్టాల నోళ్ళే ఎక్కువ చేటు.

టెక్సాస్_టైమ్: అందరూ అలా అనరండీ.

బెంగళూరు_బస్సు: అన్నవాళ్ళు సరిపోతారు లెండి.

కేపీహెచ్‌బీ_అమ్మ: చెప్పాలనే నిర్ణయించుకున్నాం. టీచర్ సంగతి ఎవరూ చెప్పలేదు.

షార్జా_శీను: ఎయిర్‌పోర్ట్ గురించి నేను చెప్తా. టికెట్ లేనిదే లోపలికి రానివ్వరు. డిపార్చర్స్ గేటు ముందు కారు ఆపితే సెక్యూరిటీ విజిల్ వేస్తూనే ఉంటాడు, ట్రాలీ, సూట్‌కేసు, తొక్కిసలాట. ముద్దు పెట్టేలోపు వెనక కారువాడు హారన్. వీడ్కోలు ఇంట్లోనే, తీరిగ్గా చెప్పించండి. అక్కడ వాట్సాప్ కాల్ రాదు గానీ వాయిస్ మెసేజ్‌లు వెళ్తాయి. మా పాప అవే ఎక్కువ వింటుంది. కాల్‌లో సిగ్గుపడి పారిపోయేది, నా కథ మాత్రం పడుకునే ముందు మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంటుంది. కథ మధ్యలో నేను దగ్గితే ఆ దగ్గుతో సహా అప్పజెబుతుంది.

ఇంకోటి. లీవుకి వచ్చినప్పుడు నేను సోఫాలోనే కూర్చుని ఉన్నా, పాప బొమ్మ గీసి తెచ్చి వాళ్ళమ్మతో "నాన్నకి ఫోన్ చెయ్యి, చూపిస్తా" అన్నది. వచ్చీరాగానే "హోంవర్క్ ఏది, అల్లరేంటి" అని పెత్తనం మొదలెట్టొద్దని మీవారికి చెప్పండి.

జగిత్యాల_పోరడు: గా మాట నిజం అన్నా. మా నాయిన రాంగనె ఎక్కాలు అడిగేటోడు. ఇంకెప్పుడు పోతడా అని సూసేటోన్ని. చాక్లెట్లు మాత్రం మంచియే తెచ్చెటోడు.

టెక్సాస్_టైమ్: చాక్లెట్ల గురించి వేరే త్రెడ్ పెట్టాలి. మా అత్తగారింట్లో పంపకాల దగ్గరే పెద్ద గొడవ.

నర్సరీ_మిస్: టీచర్‌ని మాట్లాడుతున్నా. తప్పకుండా చెప్పండి మేడమ్. ఫాదర్స్ డే కార్డు చేయించే రోజు పిల్ల ఎందుకు మూల కూర్చుందో మాకు తెలియాలి కదా. పీటీఎంకి (పేరెంట్స్ మీటింగ్‌కి) మీవారు వీడియోలో వస్తే మాకేం అభ్యంతరం లేదు, తేదీ ముందే అడగండి. ఆయా అమ్మకి కూడా ఓ మాట చెప్పి ఉంచండి, ఏడుపు ముందు వినేది ఆమే.

మియాపూర్_మామ: ఎవరేమన్నా బోటిమ్ కంటే వీపీఎన్‌లో వాట్సాప్ క్లారిటీ బెటర్.

షార్జా_శీను: దండం పెడతా, ఆపండి.

కొత్త_కోడలు_ఉప్పల్: అక్కా, మావారిది కువైట్. అక్కడ వాట్సాప్ కాల్ వస్తుందా?