పాల్ క్లే నల్లగీత మోనోటైప్ (ఒక్కో ప్రతీ వేరుగా దిగే అచ్చు): కాగితమంతా మచ్చలే

తీరం_గీతలు:
చిత్రకారుడు పాల్ క్లే బొమ్మ ‘ఏంజెలస్ నోవస్’ (1920)లో ఉన్నట్టు గరుకైన నల్లగీత రావాలి. గాజుపలక మీద నల్ల ఆయిల్ రంగు రోలర్‌తో పరిచి, పైన కార్ట్రిడ్జ్ కాగితం (మందపాటి డ్రాయింగ్ కాగితం) వేసి, దాని వీపున బాల్‌పెన్‌తో గీస్తున్నాను. కాగితమంతా నల్లగా అంటుకుంటోంది, గీత పక్కన పసుపు మరక పాకుతోంది, బొమ్మ కుడిఎడమలు తారుమారు. విశాఖ ఉక్కపోతే కారణమంటారా?

ఇంకుపలక:
ఉక్కపోత సంగతి తర్వాత, మీ వరసే వేరండీ. రంగు కింద, తెల్లకాగితం పైన: ఇది ఫ్రెంచ్ చిత్రకారుడు గోగాన్ 1899 నుంచి వాడిన పద్ధతి. అందులో బొమ్మ తిరగబడి తీరుతుంది. క్లే నల్లరంగు పూసిన కాగితాన్ని తెల్లకాగితం మీద బోర్లించి, ఆపైన తన డ్రాయింగ్ పెట్టి, సూదిమొనతో గీతల వెంట నొక్కుకుంటూ పోయేవాడు. కార్బన్ పేపరే అనుకోండి. వేసిన బొమ్మ వేసినట్టే దిగుతుంది. డ్రాయింగ్ మిగులుతుంది కాబట్టి రెండోసారీ దించుకోవచ్చు, కానీ రెండూ ఒకేలా రావు.

రోలర్‌మోత:
రంగు ఎక్కువైంది. ఏ4 కాగితానికి శనగగింజంత చాలు. ట్యూబు రంగును ముందు అట్టముక్క మీద గంటసేపు ఉంచండి, మిగులు నూనెను అట్ట లాగేస్తుంది. మీ పసుపు మరక ఆ నూనెదే. తర్వాత ట్రేసింగ్ పేపర్ మీద రోలర్‌తో పరచండి, బోర్లించాల్సిన నల్లకాగితం అదే. రోలర్ చప్‌చప్‌మంటే రంగు ఎక్కువ. పోపులో జీలకర్రలా సన్నగా చిటపటలాడితే సరిపోయినట్టే. అచ్చులేని న్యూస్‌ప్రింట్ మీద బోర్లించి అరచేత్తో ఒక్కసారి నిమిరి తీస్తే, వేలికి అంటీఅంటనట్టు మిగలాలి.

చెయ్యి ఆనినచోటల్లా మచ్చ పడుతుంది. రెండు పుస్తకాల మీద చెక్కస్కేలు వంతెనలా పెట్టి, చెయ్యి దాని మీద ఆనించండి. అలాగని మచ్చల్ని పూర్తిగా చంపకండి. క్లే వాటిని ఉండనిచ్చాడు. అవి లేకపోతే అది రసీదు కాపీలా పేలవంగా ఉంటుంది.

తీరం_గీతలు:
వాటర్‌కలర్ ఎప్పుడు వేయొచ్చు?

ఇంకుపలక:
గీత ఆరాక. నూనెగీత నీళ్లను తోసేస్తుంది కనుక పల్చటి వాష్‌కు (నీళ్లరంగు పూతకు) అది కరగదు. పచ్చిగా ఉండగా కుంచె రుద్దితే మాత్రం నలుపు కొట్టుకొచ్చి రంగంతా బురదవుతుంది. ఐవరీ బ్లాక్ అనే నల్ల ఆయిల్ రంగు ఆరడంలో మహా బద్ధకస్తురాలు, వానాకాలం మరీనూ. రోజులు లెక్కపెట్టకుండా ఓ మూల గీత మీద పొడి దూది అద్ది చూడండి. నలుపు అంటకపోతే కానివ్వండి. తొందరపడి యాక్రిలిక్ వాడితే మీరు సూది ఎత్తేలోపే ఆరి, ఏమీ దిగదు.

రోలర్‌మోత:
ఉక్కపోత చేసే అసలు చేటు ఇంకోటుంది. తేమకు కాగితం ఉబ్బి అలలు తేలుతుంది, పైకి లేచినచోట గీత తెగుతుంది. ముందురోజే రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య బరువు పెట్టి ఉంచండి. గీసేటప్పుడు సముద్రం వైపు కిటికీ మూసేయండి. మూడు కాగితాలకూ పై అంచున ఒకే టేపు వేస్తే, మధ్యమధ్యలో కింది మూల ఎత్తి చూసుకోవచ్చు. తెగినచోట మళ్లీ సూది నడపండి, టేపు మాత్రం చివరిదాకా ఊడదీయొద్దు.