చూడకపోయినా వింటే చాలు అనిపించే పాత సంగీత చిత్రాలు చెప్పండి (మా అమ్మ కోసం)

రేడియో అభిమాని:

అందరికీ నమస్కారం. మా అమ్మకు 78 ఏళ్లు. షుగర్ వల్ల రెండేళ్ల కిందట చూపు పూర్తిగా పోయింది. పాత సినిమాలంటే ప్రాణం. ఫోన్‌లో విడిగా పాటలు పెడితే తృప్తి ఉండదు, "మాటలతో సహా పెట్టరా" అంటుంది. మా ఇంట్లోకి సినిమాలు వచ్చింది అలాగే మరి. ఆదివారం మధ్యాహ్నం రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం (సినిమాను మాటలు, పాటలతో కుదించి వినిపించే కార్యక్రమం) మొదలైతే అంట్లు అక్కడే వదిలేసి, చేతులకు బూడిద ఉండగానే వచ్చి కూర్చునేది. మల్లీశ్వరి నేను చూసింది పెద్దయ్యాకే. అప్పటికే పదిసార్లన్నా విని ఉంటాను.

మొన్న శనివారం రాత్రి టీవీలో అదే పెట్టాను. ‘పరుగులు తీయాలి’ రాగానే అమ్మ వేళ్లు మంచం పట్టె మీద గిత్తల నడకకు తాళం వేయడం మొదలెట్టాయి. వాన, మంటపం, ‘పిలచిన బిగువటరా’. "మారువేషంలో రాయలవారు వచ్చారా?" అని అడిగింది. వచ్చారు!

పక్కన కూర్చుని వింటుంటే నాకు కొత్తగా తట్టిన సంగతి ఒకటుంది. భానుమతి గారు తానే నటించి తానే పాడారు కదా, మాటలోంచి పాటలోకి వెళ్లేటప్పుడు గొంతు మారదు. చూపు ఉన్నవాళ్లకు అది చిన్న విషయం. అమ్మకు మాత్రం మల్లి చేయి ఎక్కడా వదిలిపోలేదు. ‘ఆకాశవీధిలో’ పాటలో నాగరాజు ఒకచోట, మల్లి ఒకచోట ఉండి మేఘంతో కబురు చెప్పుకుంటారు. కృష్ణశాస్త్రి గారి మాటలకు, రాజేశ్వరరావు గారి బాణీకి అమ్మ అలా పైకి ముఖం పెట్టి కూర్చుంది. 1951 నాటి సినిమా, అమ్మ కంటే కొంచెమే చిన్నది.

ఇలా వింటూనే కథ నడిచే సినిమాలు ఇంకేమున్నాయి? దయచేసి ఏ పాట దగ్గర పక్కనుంచి చెప్పాలో కూడా రాయండి.

కృష్ణలంక వాసి:

అన్నా, చదువుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. మాయాబజార్ (1957) తప్పకుండా పెట్టండి. కానీ ‘లాహిరి లాహిరి’ దగ్గర మీరు పక్కనే ఉండాలి. ఆ పాట నేను చాలా ఏళ్లు క్యాసెట్‌లోనే విన్నాను. ఘంటసాల, లీల గొంతులే కదా, పడవలో ఉన్నది ఒక్క జంటే అనుకునేవాణ్ణి. సినిమా చూస్తే మొదట అభిమన్యుడు, శశిరేఖ. తర్వాత అదే పడవలో కృష్ణుడు, రుక్మిణి. ఆఖరికి బలరాముడు, రేవతి కూడా! గొంతులు అవే, జంటలు మూడు. మల్లీశ్వరి గురించి మీరన్న మాటకు ఇది సరిగ్గా తిరగబడ్డ పరిస్థితి. జంట మారినప్పుడల్లా చెవిలో పేర్లు చెప్పండి, చాలు.

ఇంకో మాట. 2010లో రంగులద్ది విడుదల చేసింది కాకుండా పాతదే పెట్టండి. అమ్మగారికి తేడా ఉండదు, మీకుంటుంది. కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ నలుపు తెలుపుల్లో తీసిన ఆ వెన్నెల చూసి మీరు చెప్పే నాలుగు మాటలే అమ్మగారికి తెర.

హార్మోనియం:

నేను పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయిస్తాను. నన్నడిగితే ముందు లవకుశ (1963). పాటా పద్యమూ ఒకదాన్నొకటి అందుకుంటూ కథను నడిపిస్తాయి. కుశలవులకు పాడింది లీల, సుశీల గార్లు. ఆ రెండు గొంతులూ కలిసి లేచినప్పుడు పిల్లలిద్దరూ పక్కపక్కన నిలబడి ఉన్నట్టే ఉంటుంది. ఘంటసాల గారి పద్యంలో ప్రతి అక్షరం విడిగా వినబడుతుంది. మాలాంటి వాళ్లందరం అక్కడే నేర్చుకున్నాం.

తర్వాత జగదేకవీరుని కథ. ‘శివశంకరి’ దగ్గర ఏమీ చెప్పకండి అండీ, దండం పెడతాను. తెర మీద ఎన్టీఆర్‌లే ఐదుగురు, ఒకరు పాడుతుంటే ఒకరు వీణ, ఒకరు మృదంగం... అది చూడ్డానికి అద్భుతమే. కానీ కథలో రాయి కరిగింది పెండ్యాల గారి దర్బారీ కానడ రాగానికి, ఘంటసాల గారి గొంతుకి. పాట చివర గతి పెరిగే చోట నాకు ఈరోజుకీ అరచేతులు చెమర్చుతాయి. పాట అయ్యాక చెప్పుకోండి ఎన్ని రూపాలో.

పాలక్కాడ్ తెలుగమ్మాయి:

శంకరాభరణం! 1980లో నాన్నగారి ఉద్యోగం వల్ల మేం కేరళలో ఉన్నాం. అక్కడ కూడా ఆడింది. మా పక్కింటి టీచరమ్మకు తెలుగు ముక్క రాదు, ‘శంకరా నాదశరీరాపరా’ మాత్రం పల్లవి నుంచి చివరిదాకా పాడేది. భాష రాని ఆవిడకే అంత అందితే మీ అమ్మగారికి వేరే చెప్పాలా?

రేడియో అభిమాని:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న రాత్రి మాయాబజార్ వేశాం, పాతదే. లాహిరి దగ్గర "అమ్మా, ఇప్పుడు రుక్మిణి ఎక్కింది" అన్నాను. "తెలుసులేరా, రేవతి ఎక్కినప్పుడు చెప్పు" అంది. చెప్పాను. వెన్నెల నీళ్ల మీద ఎలా పడుతోందో కూడా నాకు చేతనైనట్టు చెప్పాను.

‘అహ నా పెళ్లియంట’లో మాత్రం నా అవసరమే రాలేదు. సుశీల గారి గొంతులో మాయా శశిరేఖ వయ్యారంగా పాడుతూ ఉండగా మధ్యలో ఘంటసాల గొంతు ఊడిపడుతుంది కదా, అక్కడ ఘటోత్కచుడు బయటపడ్డాడని అమ్మ నాకంటే ముందే నవ్వేసింది. కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పించుకుంది.

హార్మోనియం గారూ, ఈ శనివారం లవకుశ. అమ్మ ఇప్పటినుంచే పద్యాలు గుర్తు చేసుకుంటోంది. శివశంకరికి నోరు మూసుకునే ఉంటాను, మాట ఇస్తున్నాను.