అప్‌డేట్: ‘అనేర్’లోకి ‘ద’ ఎలా వచ్చింది?

పాత గ్రీకు మాట ‘అనేర్’ (మగవాడు) షష్ఠీ విభక్తిలో ‘అంద్రోస్’ (మగవాడి) ఎందుకవుతుంది, మధ్యలో ‘ద’ ఎక్కడి నుంచి ఊడిపడింది అని అడిగాను కదా, తేలిపోయింది. ప్రత్యయం చేరేసరికి నడిమి అచ్చు జారిపోయి న, ర పక్కపక్కన పడతాయి. ‘అన్‌రోస్’ అని గబగబా అని చూడండి, ‘ద’ దానంతటదే వచ్చేస్తుంది. నాకు మూడోసారికే వచ్చింది! హోమర్ కావ్యం ‘ఒడిస్సీ’ మొదటి మాట ‘అంద్ర’ దీని ద్వితీయా రూపమే. (మన ఆంధ్రతో సంబంధం లేదు, నేనూ ఒక్క క్షణం ఆశపడ్డాను.) చుట్టరికం ఉన్నది సంస్కృత ‘నర’తో.

ఒక సవరణ. అప్పుడు అర్థం ‘మనిషి’ అని రాశాను. ఆడామగా అందరికీ చెల్లేది ‘అంథ్రోపోస్’. అనేర్ అంటే మగవాడు, సందర్భాన్ని బట్టి మొగుడు.