పగిలిన కారు డోర్ అద్దం: వైజాగ్ షోరూంకే వెళ్ళాలా, ఊళ్ళోనే వేయించుకోవచ్చా?

ఏడురోడ్లు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మాది జర్మన్ లగ్జరీ సెడాన్. ఏ కంపెనీదో చెప్పను, చెప్తే చర్చ ఆ బ్రాండ్ మంచిదా చెడ్డదా అన్న దగ్గరికి పోతుంది. వారంటీ ఎప్పుడో అయిపోయింది, ఇన్సూరెన్స్ మాత్రం ఫుల్ పాలసీ ఉంది. మొన్న వైజాగ్ నుంచి వస్తూ రణస్థలం దాటాక, హైవే డివైడర్ మీద గడ్డి కోస్తున్న మిషన్ నుంచి రాయి ఎగిరొచ్చి కుడివైపు వెనక డోర్ అద్దానికి తగిలింది. ఠప్పుమని ఒక్క శబ్దం. చూసేసరికి అద్దం మొత్తం గింజల్లా సీటు మీద రాలిపోయి ఉంది. వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే అద్దం గోదాం నుంచి రావాలి, వారం పది రోజులు పడుతుంది అన్నారు. ఊళ్ళో అద్దాల షాపతను వాళ్ళు చెప్పిన రేటులో మూడో వంతుకి, రెండు రోజుల్లో వేసేస్తానంటున్నాడు. మా బావగారు "అంత బండి కొని అద్దం దగ్గర కక్కుర్తేటి" అంటారు. మా నాన్నగారు "అద్దానికి కూడా షోరూమేటి" అంటారు. ఇంట్లో రెండు పార్టీలు అయిపోయాయి. మీరేమంటారు? ప్రస్తుతానికి పాలిథిన్ కవర్ కట్టి షెడ్డులో పెట్టాను. మళ్ళీ అల్పపీడనం అంటున్నారు, అదొక టెన్షన్.

గంటస్తంభం (విజయనగరం)

నేను మీ బావగారి పార్టీ. ఆ తరగతి బండ్లలో డోర్ అంటే రేకూ అద్దమూ మాత్రమే కాదు. చాలావాటిలో డోర్ లోపల ప్రెషర్ సెన్సర్ ఉంటుంది. పక్కనుంచి గుద్దినప్పుడు డోర్ నొక్కుకుపోయి లోపలి గాలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగితే, అది పసిగట్టి సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కి కబురు పంపుతుంది. డోర్ ప్యాడ్ (డోర్‌కి లోపలివైపు ఉండే పలక) వెనక ఉండే షీటు చిరిగినా, మళ్ళీ సరిగ్గా అంటించకపోయినా ఆ లెక్క తప్పుతుంది. ఊళ్ళో కుర్రాడు స్క్రూడ్రైవర్ దూర్చి ప్యాడ్ పీకితే క్లిప్పులు విరుగుతాయి, ఆ తర్వాత ప్రతి గుంతలోనూ కటకట.

ఇంకో సంగతి. రేపు అమ్మేటప్పుడు కొనేవాడు అద్దాల మూలల్లో ముద్రలన్నీ చూస్తాడు. ఒకటి వేరే కంపెనీది కనిపిస్తే "యాక్సిడెంట్ బండా?" అని అక్కడే రేటు కోస్తాడు. ఇవాళ మిగిలిందంతా ఆ రోజు పోతుంది.

పలాస జీడిపప్పు

గంటస్తంభం గారూ, షోరూంలో క్లిప్పులు విరగవా? అక్కడ ప్యాడ్ పీకేదీ మన జిల్లాల కుర్రాళ్ళే కదండీ. యూనిఫాం వేసుకుంటే చెయ్యి మారిపోతుందా?

డోర్‌ప్యాడ్ (విజయనగరం)

నేను కార్ల అద్దాల పనిలోనే ఉన్నాను. నా లాభం కోసమే చెప్తున్నానని ముందే అనేసుకోండి, తర్వాత చదవండి.

షోరూమా, బయటా అన్నది రెండో ప్రశ్న. పగిలింది ఏ రకం అద్దం అన్నది మొదటిది. మీ అద్దం గింజల్లా రాలిపోయింది అన్నారు. అంటే అది టెంపర్డ్. వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చిన అద్దం, పగిలితే మొద్దు గింజలైపోతుంది. రెండోది ల్యామినేటెడ్, ముందు విండ్‌షీల్డ్‌లాగా రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. పగిలినా సాలెగూడులా చీలి అక్కడే నిలబడుతుంది. బయట శబ్దం లోపలికి రాకుండా ఖరీదైన కార్లలో ముందు డోర్లకి ఇదే వేస్తారు, కొన్నిటిలో నాలుగు డోర్లకీ వేస్తారు. మీ ముందు డోర్ అద్దం సగం దించి పై అంచు చూడండి. మధ్యలో సన్నని గీత కనిపిస్తే అది ల్యామినేటెడ్. అది పగిలి ఉంటే నేనే మిమ్మల్ని వైజాగ్ పంపేవాణ్ణి. దాని మందం, లోపలి పొర అన్నీ అచ్చంగా కలవాలి, బయట అవి దొరకడం కష్టం. కానీ రాలింది వెనక టెంపర్డ్ కదా, అందులో పెద్ద రహస్యం ఏమీ లేదు.

ఎడమవైపు వెనక అద్దం ఇంకా ఉంది కాబట్టి దాని మూలన ఉన్న ముద్ర ఫొటో తీసుకోండి. కారు కంపెనీలు అద్దాలు సొంతంగా తయారు చేసుకోవు. సెయింట్ గోబైన్, పిల్కింగ్టన్ లాంటి వాళ్ళు చేసి ఇస్తారు. అదే తయారీదారు, అదే షేడ్, కారు లోగో లేకుండా బజారులో దొరికితే తీసుకోండి. ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో చూడండి. బండ్ల సేఫ్టీ గ్లాస్‌కి మన దగ్గర ఐఎస్ 2553 రెండో భాగం అని ప్రమాణం ఉంది. ఏ ముద్రా లేని అద్దం ఊరికే ఇచ్చినా వద్దు.

ఇక పని. అద్దం ఎక్కించడం గంట పని కూడా కాదు, అసలు పని అంతా శుభ్రం చేయడంలోనే ఉంది. గింజల్లో సగం డోర్ అడుక్కి పోతాయి. అక్కడ నీళ్ళు కారిపోవడానికి ఉండే కంతలు మూసుకుపోతే వాన నీళ్ళు డోర్లోనే నిలుస్తాయి. మన సముద్రపు గాలికి రేకు తుప్పు పట్టడానికి అంతకంటే ఏం కావాలి? ఇంకా పాడు పని ఏమిటంటే, అద్దం కింద బయటివైపు ఉండే రబ్బరు పట్టీ, అదే బీడింగ్, దాని లోపల మెత్తటి అంచు ఉంటుంది చూశారా, అందులో ఇరుక్కున్న గింజ కొత్త అద్దం ఎక్కి దిగినప్పుడల్లా నిలువునా గీత పెడుతుంది. కొత్త అద్దం వేసిన వారానికే గీతలు పడ్డాయి అని వచ్చేవాళ్ళందరిదీ ఇదే కథ. ప్యాడ్ పూర్తిగా తీసి, వాక్యూమ్ పెట్టి, బీడింగ్ అంతా చేత్తో తడిమి చూడాలి. అద్దం జారే గాడి, అదే రన్నింగ్ ఛానల్, అందులోనూ అంతే. ఎంతసేపు పడుతుందో అంతసేపూ చెయ్యాలి.

చివర్లో అద్దం పూర్తిగా ఎక్కించి స్విచ్ కొన్ని సెకన్లు పట్టుకుని సెట్టింగ్ చేయాలి. లేకపోతే ఒక్క నొక్కుకి ఎక్కడం ఆగిపోతుంది, చెయ్యి అడ్డొస్తే వెనక్కి దిగే రక్షణా పనిచెయ్యదు. పద్ధతి ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. అప్పటిదాకా ఆ డోర్ స్విచ్ ఎవరినీ ముట్టుకోనివ్వకండి, అద్దాన్ని ఎక్కించి దింపే లిఫ్టర్ మిషన్‌లో గింజ పడితే అదొక ఖర్చు.

గంటస్తంభం గారు చెప్పిన సెన్సర్ నిజమే. ఎక్కువగా ముందు డోర్లలో ఉంటుంది, వెనక ఉందో లేదో ప్యాడ్ తీస్తే తెలిసిపోతుంది. షీటు చింపకూడదన్నది మాత్రం సెన్సర్ ఉన్నా లేకపోయినా నిజమే, లేకపోతే నీళ్ళు కార్పెట్లోకి వస్తాయి.

గంటస్తంభం

డోర్‌ప్యాడ్ గారూ, మీరు రాసినట్టు చేసేవాడు దొరికితే నాకు గొడవే లేదు. నా వాదనల్లా దొరకడనే! మీరే అంటున్నారు, గీతలు పడి మీ దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది అని. వాళ్ళంతా ఎక్కడ వేయించుకున్నవాళ్ళు? షోరూంలో జాబ్ కార్డు ఉంటుంది, బండికి ఏం పని చేశారో రాసిన కాగితం. నీళ్ళు కారితే వెళ్ళి బల్ల మీద కాగితం పెట్టి అడగొచ్చు. ఊళ్ళో షాపులో బిల్లు అడిగితే మనవైపు ఎర్రగా చూస్తారు.

డోర్‌ప్యాడ్

బిల్లు ఇవ్వనివాడి దగ్గరికి అసలు వెళ్ళడం ఎందుకండీ? గీతల కేసులు రెండు వైపుల నుంచీ వస్తాయి. అంతకంటే చెప్పను.

పాలసీ పేపర్

మీరంతా ఎక్కడ వేయించాలి అని కొట్టుకుంటున్నారు, డబ్బు ఎవరిది అన్నది ఎవరూ అడగలేదు. ఫుల్ పాలసీలో అద్దం కవర్ అవుతుంది. పైగా అద్దానికి తరుగుదల కోత లేదు, జీరో డెప్ (తరుగుదల కొయ్యకుండా ఇచ్చే యాడ్ఆన్) లేకపోయినా సరే. దాంతోపాటు మార్చే రబ్బర్ బీడింగులు, ప్లాస్టిక్ క్లిప్పులకి మాత్రం జీరో డెప్ లేకపోతే సగం కోస్తారు. ఇంజిన్ 1500 సీసీ దాటితే 2000 రూపాయలు మీ జేబులోంచి తప్పనిసరి. ఇంతవరకూ తీపి.

చేదు ఏమిటంటే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్ళకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది 20, 25, 35, 45, 50 శాతం అని మెట్లు ఎక్కుతుంది, ఒక్క క్లెయిమ్‌తో సున్నాకి పడుతుంది. లెక్క చూడండి. బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగం) 60,000 అనుకుందాం, ఇప్పుడు మీకు 50 శాతం ఉంది అనుకుందాం. వచ్చే రెన్యువల్‌కి 30,000 ఎక్కువ కడతారు. ఆ పై ఏడు 18,000, తర్వాత 15,000, తర్వాత 9,000, తర్వాత 3,000. మొత్తం 75,000. బండి విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి అసలు మొత్తం కొంచెం తక్కువే అవుతుంది, కానీ దగ్గరలోనే ఉంటుంది. షోరూం బిల్లు దీనికంటే తక్కువైతే క్లెయిమ్ చేయడమంటే వాయిదాల మీద మీరే కట్టుకోవడం. బోనస్ కాపాడే యాడ్ఆన్ ఉంటే సంగతి వేరు, పాలసీ తీసి చూడండి.

క్లెయిమ్ చేయాలనుకుంటే మాత్రం పని మొదలుపెట్టకముందే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. గింజలు ఊడ్చేసి, కొత్త అద్దం వేయించేసి ఫోన్ చేస్తే వాళ్ళు చూడ్డానికి ఏముంటుంది?

ఏడురోడ్లు

పాలసీ పేపర్ గారూ, చాలా థాంక్సండి. చూశాను. బోనస్ 50 శాతం ఉంది, కాపాడే యాడ్ఆన్ లేదు. ఈ లెక్క మా బావగారికి చదివి వినిపించాను, ఆయన కాసేపు మాట్లాడలేదు.

నెల్లిమర్ల అబ్బాయి

నా బండి ఇంకా వారంటీలో ఉంది. బయట చెయ్యి పెట్టిస్తే వారంటీ మొత్తం పోతుందని సర్వీస్ అడ్వైజర్ అన్నాడు. నిజమేనా అన్నా?

పలాస జీడిపప్పు

తమ్ముడూ, 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఈ బేరం మీదే 14 కార్ల కంపెనీలకి కలిపి దాదాపు 2,545 కోట్ల జరిమానా వేసింది. విడి భాగాలు బయట మెకానిక్‌లకి దొరక్కుండా చేస్తున్నారన్నది అభియోగం. అందులో లగ్జరీ కంపెనీలూ ఉన్నాయి. బయట రిపేరు చేయించారని వారంటీ గంపగుత్తగా రద్దు చేయకూడదు, బయటి పని వల్ల ఏది పాడైందో ఆ మేరకే కాదనాలి అని కూడా ఆ ఉత్తర్వులో ఉంది. కంపెనీలు కోర్టులకి వెళ్ళాయి, అది వేరే సంగతి. కాబట్టి డోర్ అద్దం మార్చినందుకు ఇంజిన్ వారంటీ పోతుందని ఎవరైనా అంటే రాసిమ్మని అడుగు. రాసివ్వరు.

గంటస్తంభం

రాసివ్వరు, నిజమే. కానీ ఆ డోర్లో పవర్ విండో మోటర్ పోయినప్పుడు "బయటివాళ్ళు పాడుచేశారు" అంటారు. అప్పుడు జీడిపప్పు గారు వచ్చి వాదిస్తారా? వారంటీ ఉన్నంతకాలం షోరూమే. ఈ మాట మీద మాత్రం నన్ను ఎవరూ కదపలేరు.

పలాస జీడిపప్పు

వారంటీలో ఉన్న బండికి అదే డోర్ అయితే సరే, ఒప్పుకుంటాను. ఏడురోడ్లు గారికి ఆ బాధ లేదు కదా.

తోటపల్లి కాలువ

ఎలాగూ మారుస్తున్నారు, వెనక కూడా ల్యామినేటెడే వేయించేస్తే? రాయి తగిలినా రాలదు, దొంగా అంత సులువుగా పగలగొట్టలేడు.

డోర్‌ప్యాడ్

వద్దండి. మందం తేడా వస్తే ఛానల్‌లో బిగుసుకుంటుంది, బరువు మారితే లిఫ్టర్ మీద భారం. కంపెనీ ఏది వేసిందో అదే.

ఇంకో సంగతి ఉంది. మన వైపు రోడ్ల పక్కనే కాలువలూ చెరువులూ. బండి నీళ్ళలోకి పోతే ల్యామినేటెడ్ అద్దం పగలగొట్టుకుని బయటికి రావడం చాలా కష్టం. అమెరికాలో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘం 2019లో అద్దాలు పగలగొట్టే ఆరు రకాల పనిముట్లు పరీక్షించింది. టెంపర్డ్‌ని నాలుగు పగలగొట్టాయి, ల్యామినేటెడ్‌ని ఒక్కటీ పగలగొట్టలేదు. ముందు డోర్లు ల్యామినేటెడ్ ఉన్న కారులో వెనక టెంపర్డ్ అద్దమే బయటపడే దారి. డ్యాష్‌బోర్డులో సుత్తి పెట్టుకుని తిరిగేవాళ్ళు అది ఏ అద్దం మీద పనిచేస్తుందో ఇవాళే చూసుకోండి.

కోట జంక్షన్

కొత్త అద్దానికి పన్లోపని నల్ల ఫిల్మ్ కూడా వేయించెయ్యండి, ఎండ తగలదు.

పాలసీ పేపర్

వేయించెయ్యండి, చలానా కూడా పన్లోపనే వచ్చేస్తుంది. సైడ్ అద్దం గుండా కనీసం 50 శాతం వెలుతురు రావాలి, ముందు వెనక అద్దాలకి 70 శాతం. నల్ల ఫిల్ములు వేయకూడదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది కదా. ఆ తర్వాత నిబంధన మారిందనే వాదన ఉంది, దానికి వేరే చర్చ పెట్టుకుందాం, ఇక్కడ మొదలైతే అద్దం సంగతి మర్చిపోతాం.

ఏడురోడ్లు

అందరికీ ధన్యవాదాలు. ఎడమ అద్దం ముద్ర చూశాను, ముందు డోర్లకి గీత ఉంది, వెనక లేదు. డోర్‌ప్యాడ్ గారు అన్నట్టే. ఊళ్ళో షాపతనికి ఆ ఫొటో పంపి అదే తయారీదారుది, అదే షేడ్ తెప్పించమన్నాను. మొదట "ఏదైనా ఒకటే సార్" అన్నాడు, ముద్ర లేకపోతే తిప్పి పంపుతానంటే సరేనన్నాడు. బిల్లు కూడా ఇస్తానన్నాడు. ప్యాడ్ తీసినప్పుడు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. క్లెయిమ్ చెయ్యడం లేదు.

పాలిథిన్ గురించి ఒక ప్రశ్న. టేప్ పెయింట్ మీద పడితే ఏమైనా అవుతుందా?

డోర్‌ప్యాడ్

ఎండలో రెండు రోజులుంటే జిగురు మరక పడుతుంది. కవర్ డోర్ పైనుంచి లోపలికి మడిచి డోర్ వేసెయ్యండి, అదే పట్టుకుంటుంది. టేప్ వెయ్యాల్సి వస్తే లోపలి వైపు వెయ్యండి. ఆ కవర్‌తో హైవే ఎక్కకండి. సీటు లెదర్ అయితే చేత్తో తుడవొద్దు, వాక్యూమే.

గంటస్తంభం

వేయించాక పైపుతో డోర్ మీద బాగా నీళ్ళు కొట్టి, లోపల కార్పెట్ తడిమి చూడండి. తర్వాత ఇక్కడికొచ్చి రాయండి. తడి తగిలితే నేను చెప్పానని ఎవరూ అనక్కర్లేదు, నేనే అనుకుంటాను.

నెల్లిమర్ల అబ్బాయి

అన్నా, నాది డోర్ అద్దం కాదు. వెనక డోర్ దాటాక ఉండే చిన్న ముక్క, దిగని అద్దం. దానికీ ఇవే మాటలా?

డోర్‌ప్యాడ్

కాదు. ఆ ముక్క కొన్ని బండ్లలో రబ్బరు అచ్చుతో కలిపి వస్తుంది, కొన్నిటిలో గమ్ముతో బాడీకి అంటిస్తారు. చిన్నదని చవక అనుకోకు, ఒక్కోసారి పెద్ద అద్దం కంటే ఎక్కువ చెప్తారు. గమ్ము ఆరే దాకా బండి కడగకూడదు కూడా. అందులో రేడియో యాంటెన్నా తీగలు ఉన్నాయేమో చూసి, రెండు వైపులవీ ఫొటోలు పెట్టు.