గాలికి కొట్టుకుపోయిన చిన్న డ్రోన్‌ను ఏ దిక్కున వెతకాలి?

తూనీగ (ప్రశ్న):

నమస్కారం. 249 గ్రాముల బరువున్న నా చిన్న కెమెరా డ్రోన్ నిన్న పొద్దుగుంకే వేళ గాలికి కొట్టుకుపోయింది. నేను ఒక చెట్ల వరుస పక్కన నిలబడి ఎగరేశాను. అక్కడ ఆకులు మెల్లగా కదలడం తప్ప పెద్దగా గాలి ఉన్నట్టు అనిపించలేదు. 100 మీటర్ల ఎత్తుకు లేపి, సుమారు 600 మీటర్ల దూరం పంపిన తరువాత, వెనక్కి రప్పించే బటన్ నొక్కాను. డ్రోన్ ముందుగా నేను సెట్ చేసి ఉంచిన 120 మీటర్ల ఎత్తుకు ఎక్కి, ముక్కును నా వైపు తిప్పుకుంది. అయితే తెర మీద దూరం తగ్గవలసింది పోయి 600, 640, 700 అంటూ పెరుగుతూనే పోయింది. గాలి తీవ్రంగా ఉందన్న హెచ్చరిక వస్తూనే ఉంది. చివరికి 900 మీటర్ల వద్ద చిత్రం నిలిచిపోయి, సిగ్నల్ తెగిపోయింది.

సిగ్నల్ తెగినప్పుడు అది దానంతట అదే బయలుదేరిన చోటికి రావాలి కదా, అలా వస్తూ దారిలో ఎక్కడైనా దిగి ఉంటుందా? నాకూ ఆ చివరి బిందువుకూ మధ్య వెతకాలా, లేక ఆ బిందువుకు అవతల వెతకాలా? ముక్కు ఇటు పెట్టుకుని వెనక్కి పోవడం యంత్రంలో ఏదైనా లోపమా? అవతల అంతా పొలాలు, మధ్యమధ్యన తోటలు ఉన్నాయి.

పాతరెక్క:

తూనీగ గారూ, మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే యంత్రంలో లోపం ఉన్నట్టు లేదు. డ్రోన్ గాలిలో ఎంత వేగంతో పోగలదన్నది ఒకటి, నేల మీద కొలిస్తే ఎంత వేగంతో కదిలిందన్నది మరొకటి. ఉదాహరణకు డీజేఐ మినీ 2, మినీ 3 రకాలకు కంపెనీ ఇచ్చిన గరిష్ఠ వేగం సాధారణ మోడ్‌లో సెకనుకు 10 మీటర్లు, స్పోర్ట్ మోడ్‌లో 16 మీటర్లు. ఎదురుగాలి సెకనుకు 13 మీటర్లు ఉన్నప్పుడు 10 మీటర్ల వేగంతో వస్తున్న డ్రోన్, ఏటికి ఎదురీదుతున్న మనిషిలా, ముఖం ఒడ్డు వైపే ఉన్నా సెకనుకు 3 మీటర్ల చొప్పున వెనక్కే పోతుంది. మోటార్లు తమ బలమంతా పెడుతూనే ఉంటాయి, బ్యాటరీ మామూలు కంటే త్వరగా తరుగుతూనే ఉంటుంది.

నేల మీద గాలి లేకపోవడం మిమ్మల్ని మోసం చేసింది. చెట్ల చాటున నిలబడినవారికి పైన వీచే గాలి తెలియదు. వాతావరణ సూచనల్లో కనిపించే గాలి వేగం కూడా 10 మీటర్ల ఎత్తులో కొలిచే సగటు మాత్రమే, అందులో ఈదురుదెబ్బలు కలిసి ఉండవు. చదునైన బహిరంగ ప్రదేశాల్లో మామూలుగా వాడే లెక్క ప్రకారమే 10 మీటర్ల ఎత్తు కంటే 120 మీటర్ల ఎత్తులో గాలి సుమారు 40 శాతం ఎక్కువగా ఉంటుంది. పొద్దుగుంకే వేళ ఈ తేడా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే నేల చల్లబడే కొద్దీ దానిని ఆనుకున్న గాలిపొర పైపొరతో కలవడం మానేసి నెమ్మదిస్తుంది, పైపొర మాత్రం అదే వేగంతో, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ వేగంతో సాగిపోతుంది. కాబట్టి సాయంత్రం కింద అంతా సద్దుమణిగిందని మనం ధైర్యం తెచ్చుకునే సమయమే చిన్న డ్రోన్‌కు గడ్డుకాలం. దానికి తోడు, వెనక్కి రావడానికి అది మరో 20 మీటర్లు పైకి ఎక్కింది.

గోరింక:

నా అభిప్రాయం వేరు. సిగ్నల్ తెగిన చోటే డ్రోన్ పడిపోయి ఉంటుందని నా అనుమానం. అంత గాలిలో ఒక రెక్క విరిగినా అది తిరగబడి నేరుగా కిందికి వస్తుంది. అందువల్ల యాప్‌లో కనిపించే చివరి బిందువు చుట్టూ 50 మీటర్ల మేర ముందుగా గాలించడం మంచిది, మిగతా లెక్కలు ఆ తరువాత చూసుకోవచ్చు.

పాతరెక్క:

గోరింక గారూ, అది జరగకూడదని లేదు, కానీ పడిపోయిందో లేదో లాగ్, అంటే యాప్‌లో నమోదయ్యే ప్రయాణ రికార్డు, చెబుతుంది. పడిపోయిన డ్రోన్ అయితే చివరి ఒకటి రెండు సెకన్లలో వంపు కోణం ఒక్కసారిగా మారిపోతుంది, ఎత్తు చకచకా తగ్గుతుంది. చివరి వరుస దాకా ఎత్తు 120 వద్దే నిలకడగా ఉండి, ఆ తరువాత రికార్డు ఆగిపోతే, తెగింది సిగ్నలే తప్ప డ్రోన్ కాదు. దూరం, మధ్యలోని చెట్లు, పైలట్ చేతిలోని యాంటెన్నా దిశ, వీటిలో ఏదైనా అందుకు చాలు.

తూనీగ గారూ, డీజేఐ ఫ్లై వంటి యాప్‌లలో ప్రయాణ రికార్డు మీ ఫోన్‌లోనే ఉంటుంది, దాన్ని తొలగించకండి, యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. వెనక్కి రప్పించే బటన్ నొక్కి, ఎత్తు 120కి చేరిన తరువాత, సిగ్నల్ తెగేవరకు ఎంత సమయం గడిచింది, ఆ వ్యవధిలో బ్యాటరీ ఎన్ని శాతాలు తగ్గింది, చివరలో ఎత్తు ఎంత ఉంది అన్న వివరాలు చూసి ఇక్కడ రాయండి.

తూనీగ:

రికార్డు తెరిచి చూశాను. ఎత్తు 120కి చేరినప్పుడు దూరం 600 మీటర్లు, బ్యాటరీ 39 శాతం. అక్కడి నుంచి 100 సెకన్ల తరువాత దూరం 900 మీటర్లు, బ్యాటరీ 31 శాతం. చివరి వరుసలో కూడా ఎత్తు 120 మీటర్లే, వంపులో ఆకస్మికమైన మార్పు ఏమీ లేదు. జారిన దారి దాదాపు సరళరేఖలా ఉంది.

పాతరెక్క:

అయితే అది ఎగురుతూనే ఉంది. 100 సెకన్లలో 300 మీటర్లు అంటే సెకనుకు 3 మీటర్ల చొప్పున వెనక్కి జారింది. అదే వ్యవధిలో 8 శాతం ఛార్జి ఖర్చయింది. బ్యాటరీ క్లిష్ట స్థాయికి చేరినప్పుడు డ్రోన్ ఉన్నచోటే దిగడం మొదలుపెడుతుంది. మీ దాంట్లో ఆ స్థాయి ఎంతో సెట్టింగ్స్‌లో చూసుకోండి, ప్రస్తుతానికి 10 శాతం అనుకుందాం. అప్పుడు సిగ్నల్ తెగాక మిగిలింది 21 శాతం, అంటే సుమారు 260 సెకన్ల ప్రయాణం, ఆ కాలంలో ఇంకో 790 మీటర్లు గాలివాటున జారడం. దిగేటప్పుడు కూడా, సెకనుకు 3 మీటర్ల చొప్పున దిగితే 40 సెకన్లు పడుతుంది. కిందికి వచ్చేకొద్దీ గాలి తగ్గుతుంది కాబట్టి అందులో కొన్ని పదుల మీటర్ల కంటే ఎక్కువ జరగదు.

మొత్తం మీద, మీరు నిలబడిన చోటి నుంచి అదే సరళరేఖలో 1,600 నుంచి 1,850 మీటర్ల మధ్య వెతకండి. గాలి దిక్కు 10 డిగ్రీలు మారినా 800 మీటర్లలో పక్కకు 140 మీటర్ల తేడా వస్తుంది, కనుక గీతకు రెండు వైపులా అంత వెడల్పు కలుపుకోండి. మీకూ చివరి బిందువుకూ మధ్య వెతకడం వృథా ప్రయాస. గాలి మధ్యలో ఆగిపోయి ఉంటే తప్ప అది అక్కడ ఉండే అవకాశం లేదు, అలా ఆగి ఉంటే ఇంటికే వచ్చి ఉండేది.

సవాయి:

పై లెక్కతో ఏకీభవిస్తున్నాను. దానికి ఒక్క మాట కలుపుతాను. తోటల్లోకి వెళ్లినప్పుడు నేల కంటే ముందు కొమ్మలు చూడండి. తనంతట తాను దిగే డ్రోన్ చెట్టు మీదే ఆగిపోవడం చాలా తరచుగా జరుగుతుంది, బూడిదరంగు ప్లాస్టిక్ ఆకుల మధ్య కింద నుంచి కనిపించదు. రిమోట్‌ను వెంట తీసుకువెళ్లి ఆన్‌లో ఉంచండి. ఇప్పటికి బ్యాటరీ పూర్తిగా అయిపోయి ఉంటుంది కాబట్టి శబ్దం చేయించే సౌకర్యం పనిచేస్తుందని ఆశించకండి, ఎందుకంటే దానికి డ్రోన్‌తో అనుసంధానం కావాలి. పొలాల యజమానులకు ముందుగా చెప్పి వెళ్లడం మర్యాదే కాదు, ఎవరికైనా ఇప్పటికే దొరికి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. దొరికాక బ్యాటరీ ఉబ్బినా, తడిసినా, పగిలినా ఛార్జింగ్‌లో పెట్టకండి. మెమరీ కార్డు తీసి చూస్తే చివరి వీడియో దొరకవచ్చు.

కంపెనీ రక్షణ పథకం కొని ఉంటే, పోయిన డ్రోన్‌కు అది వర్తిస్తుందేమో షరతులు చదవండి. కొన్ని పథకాల్లో గడువు ఉంటుంది, ప్రయాణ రికార్డు కూడా అడుగుతారు.

తూనీగ:

ఇద్దరికీ ధన్యవాదాలు. రేపు ఉదయం ఆ పరిధిలోనే వెతుకుతాను. ఇంకొక్క సందేహం. దూరం పెరుగుతున్నట్టు చూసిన ఆ క్షణంలో నేను ఏం చేసి ఉంటే అది తిరిగి వచ్చేది?

పాతరెక్క:

వెనక్కి రప్పించే ఆజ్ఞను రద్దు చేసి, ముందుగా ఎత్తు తగ్గించాలి. చెట్లూ తీగలూ తగలవని మీకు ఖాయంగా తెలిసిన చోట 40 మీటర్ల దాకా దించినా గాలి గణనీయంగా తగ్గుతుంది. ఆ తరువాత స్పోర్ట్ మోడ్‌కు మార్చి చేత్తోనే నడపాలి. 13 మీటర్ల గాలికి ఎదురుగా 16 మీటర్ల వేగంతో వస్తే సెకనుకు 3 మీటర్లు ముందుకు వస్తుంది, కింద గాలి తక్కువ కనుక ఇంకా మెరుగ్గా వస్తుంది. అయితే స్పోర్ట్ మోడ్‌లో అడ్డంకులను గుర్తించి ఆపే ఏర్పాటు పనిచేయదు, ఛార్జి కూడా వేగంగా పోతుంది. 39 శాతంతో 600 మీటర్లు రావడం సాధ్యమే కానీ నిశ్చింతగా వస్తుందని చెప్పలేను. దూరం అప్పటికీ తగ్గకపోతే, సిగ్నల్ ఉండగానే, కెమెరాను కిందికి వంచి, ఖాళీ పొలం చూసుకుని అక్కడే దించేయడం మేలు. అప్పుడు కనీసం డ్రోన్ దిగిన చోటు మీ ఫోన్‌లో ఖచ్చితంగా నమోదవుతుంది. గాలి ఉందని అనుమానం ఉన్న రోజుల్లో బయలుదేరడం ఎప్పుడూ గాలికి ఎదురుగా బయలుదేరండి, వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి నెడుతుంది.