1985 తర్వాత వచ్చినదాన్ని రెగే అనొచ్చా?

పాతరికార్డు:
సూటిగా చెప్తున్నా, నా లెక్కలో రెగే అనే జమైకా సంగీతం 1985లో ఆగిపోయింది. ఆ ఏడాది జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో నిర్మాత కింగ్ జామీ, గాయకుడు వేన్ స్మిత్ కలిసి ఒక చిన్న కాసియో కీబోర్డులో కంపెనీవాళ్లే నింపి పెట్టిన తాళం మీద 'స్లెంగ్ టెంగ్' పాట చేశారు. అది పెద్ద హిట్టయింది, స్టూడియోల్లో డ్రమ్మర్లకీ బేస్ వాయించేవాళ్లకీ పని తగ్గింది. బాబ్ మార్లీ డ్రమ్మర్ కార్ల్‌టన్ బారెట్ వాయించిన వన్ డ్రాప్ అనే డ్రమ్ నడక ఒకసారి వినండి. నాలుగు లెక్కపెడితే ఒకటో దెబ్బ ఖాళీ, మూడో దగ్గర కిక్, స్నేర్ డ్రమ్ములు కలిసి పడతాయి. మజా అంతా ఆ ఖాళీలోనే. బటన్ నొక్కితే అది వస్తుందా?

సౌండ్‌బాక్స్:
అన్నా, ఈ లెక్కన రెగే పుట్టనే కూడదు. 1960ల మొదట్లో జమైకాలో స్కా అనే సంగీతం పరుగులు పెట్టేది, 1966 ప్రాంతంలో నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, 1968కల్లా రెగే అన్న పేరు పడింది. స్కా అభిమానులు అప్పుడు ఏమన్నారో మరి!

ఇక మెషిన్ గొడవ. కింగ్ టబ్బీ వాయిద్యాలతో పేరు తెచ్చుకున్నవాడు కాదు, రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్. రికార్డయిన పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్సూ బేసూ ఉంచి, మధ్యలో ఒక్క మాట ముక్కని ఎకోలో వదిలేవాడు, అది ఎక్కడో బావిలో పడి తిరుగుతున్నట్టు ఉంటుంది. దాన్నే డబ్ అంటారు, ఆ డబ్‌ని మీరే నెత్తిన పెట్టుకుంటారు. జామీ ఆయన దగ్గర పనిచేసినవాడే. గురువు మిక్సర్ పట్టుకుంటే కళ, శిష్యుడు కీబోర్డు పట్టుకుంటే మోసమా?

ఇంకో తమాషా, ఆ కాసియో తాళం తయారుచేసింది ఒకుడా హిరోకో అనే జపాన్ అమ్మాయి. కాలేజీలో ఆమె థీసిస్ రెగే మీదే!

రాత్రిడ్యూటీ:
నాది సౌండ్‌బాక్స్ పక్షమే. పాతవన్నీ స్వచ్ఛమనుకోవడం కూడా భ్రమే. 1973లో వచ్చిన బాబ్ మార్లీ బృందం ఆల్బమ్ 'క్యాచ్ ఎ ఫైర్' టేపుల మీద లండన్‌లో రికార్డు కంపెనీ యజమాని క్రిస్ బ్లాక్‌వెల్ రాక్ గిటారు, కీబోర్డు అదనంగా ఎక్కించాడు, బయటి శ్రోతల కోసం. దానికి లేని అభ్యంతరం దీనికెందుకు?

అసలు రెగేకి ప్రాణం రిడిమ్, అంటే పాట కింద నడిచే డ్రమ్స్, బేస్ వరస. మన భజనల్లో ఒకే వరసకి పదిమంది పది పాటలు కట్టినట్టు, ఒకే రిడిమ్ మీద ఎవరి మాటలు వాళ్లు పాడతారు. 1985కి ముందూ అంతే, తర్వాతా అంతే.

పాతరికార్డు:
సరే, డబ్ విషయంలో దొరికిపోయాను. ఒకుడా సంగతి నాకు తెలీదు, బాగుంది. కానీ జామీకి చెవి ఉంది, ఆ తాళాన్ని నెమ్మది చేసి వాడాడు. తర్వాత గుంపుగా వచ్చినవాళ్లలో ఎంతమందికి ఆ చెవి ఉంది? పని పోయిన బేస్ వాయించేవాళ్ల గురించి ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడలేదు, గమనించారా? పోనీ, 1990లో జమైకా గాయకుడు షబ్బా ర్యాంక్స్ పాడిన 'డెమ్ బో' తాళం పట్టుకుని ప్యూర్టోరికోలో రెగేటాన్ అనే సంగీతం చేసుకున్నారు. దాన్ని కూడా రెగే అనమంటారా?

సౌండ్‌బాక్స్:
అనను. అది మనవడు, వేరు కాపురం పెట్టాడు. స్లెంగ్ టెంగ్ లాంటి మెషిన్ తాళాల మీద జమైకాలో నడిచిన డ్యాన్స్‌హాల్ మాత్రం ఇంట్లోనే ఉంది. వాయించేవాళ్ల పని పోయిన మాట నిజమే, అక్కడ నా దగ్గర జవాబు లేదు. కాకపోతే స్లై డన్‌బార్ లాంటి డ్రమ్మర్లే ఎలక్ట్రానిక్ డ్రమ్స్ ఎత్తుకున్నారు.

ఇంతకీ అన్నా, స్లెంగ్ టెంగ్‌ని ఫోన్ స్పీకర్‌లో విని తీర్పు చెప్పట్లేదు కదా? ఆ బేస్ అందులో వినపడదు.